తొమ్మిది పాయింట్ ఎనిమిది

కాలేజీ గేటు ముందు రోడ్డు దాటగానే ఒక జిరాక్సు షాపు ఉంది. ఉదయం ఎనిమిదిన్నరకి షట్టరు పైకి లేవకముందే అక్కడ పాతికమంది పిల్లలు నిలబడి ఉంటారు. వాళ్లని చూసి, ఈ కాలం పిల్లలకి చదువంటే ఎంత శ్రద్ధో అని మురిసిపోయే పెద్దమనుషులు ఆ దారినే నడిచి వెళ్తుంటారు. మురిసిపోవడానికి ఒళ్లు వంచక్కర్లేదు కాబట్టి మురిసిపోనివ్వండి. ఆ పిల్లలు వచ్చింది చదువు కోసం కాదు. చదవకుండా గట్టెక్కించే అరవై నాలుగు పేజీల కోసం.

"అక్కా, ఫస్టియర్ కెమిస్ట్రీ ఒకటి."

"నాకు రెండక్కా. మా ఫ్రెండు ఇంకా నిద్ర లేవలేదు, వాడిది కూడా నేనే తీసుకెళ్లాలి."

"థియరీయా, ప్రాక్టికల్సా?" అని అడుగుతుంది షాపు నడిపే ఆవిడ, మెషిన్ మూత తెరుస్తూనే.

"రెండూ కలిపి ఉన్నదే అక్కా. నోట్సు మాస్టారిది."

నోట్సు మాస్టారంటే ఆ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే లెక్చరరు. చెప్పే అనడం మర్యాద కోసం. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇంకా ఉత్సాహం మిగిలి ఉన్న రోజుల్లో, ఆయన తన చేత్తో అరవై నాలుగు పేజీలు రాశాడు. చక్కగా రాశాడు, అది ఒప్పుకోవాలి. ఆ తర్వాత పద్నాలుగేళ్లుగా ఆయన ఇంకేమీ రాయలేదు. రాసినదాన్ని తిరిగి చదవనూ లేదు. క్లాసులోకి వచ్చి "పదిహేడో పేజీ తియ్యండి" అంటాడు. ఎవరో ఒకరిని లేపి చదవమంటాడు. వాళ్లు చదువుతుంటే తను కిటికీ దగ్గర నిలబడి, కింద పెట్టిన స్కూటరు మీదికి ఎండ వచ్చిందా లేదా అని చూసుకుంటాడు. గంట కొట్టగానే పాఠం అయిపోతుంది. ఏటా నూటికి తొంభై ఎనిమిది మంది పాసవుతారు. ఆ అంకెని పెద్దక్షరాలతో రాయించి గేటు మీద వేలాడదీస్తారు.

లైబ్రరీలో కెమిస్ట్రీ పాఠ్యపుస్తకాలు లేకపోలేదు. పదకొండున్నాయి, గాజు తలుపుల బీరువాలో. బీరువా తాళంచెవి ఎక్కడుందో లైబ్రేరియన్‌కి తెలియదు. ఎవరూ అడగలేదు గనక ఆయనా వెతకలేదు.

ఇక ఆ నోట్సులో యాభై రెండో పేజీ గురించి చెప్పాలి. అది ప్రాక్టికల్స్‌లో మొట్టమొదటి ప్రయోగం. బ్యూరెట్ అనే సన్నని గాజు గొట్టంలో పలచటి యాసిడ్ పోస్తారు. కింద గాజు కుప్పెలో సోడా ద్రావణం ఉంటుంది. అందులో రెండు చుక్కల మందు వేస్తే గులాబి రంగు వస్తుంది. పై నుంచి యాసిడ్‌ని చుక్క చుక్కగా వదులుతూ, రంగు పోయిన క్షణంలో కుళాయి కట్టేసి, ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో గీతల మీద చూసి రాయాలి. ఇలా మూడుసార్లు చెయ్యాలి. ఎంతమంది చేసినా, ఏ ఏడు చేసినా, ఆ కాలేజీలో వచ్చే జవాబు తొమ్మిది పాయింట్ ఎనిమిది. ఆ అంకె అన్నలనుంచి తమ్ముళ్లకి, అక్కలనుంచి చెల్లెళ్లకి భద్రంగా చేరుతుంది. కొందరు కుళాయి ముట్టుకోకుండానే రాసేస్తారు. కాస్త నిజాయితీపరులు కుళాయి బార్లా తెరిచి, యాసిడ్‌ని తొమ్మిది పాయింట్ ఎనిమిది దాకా వదిలి, కట్టేసి, కుప్పెలోకి చూస్తారు. రంగు ఉండదు. ప్రయోగం విజయవంతమైందని ఊపిరి పీల్చుకుంటారు. రంగు అసలెప్పుడు పోయిందని అడిగిన మహానుభావుడు ఒక్కడూ లేడు.

షాపు ఆవిడ కూతురు ఆ ఏడే ఆ కాలేజీలో చేరింది. ఈ పిల్ల ఆ నోట్సు పేజీల మధ్యే పెరిగింది. ఆరో తరగతిలో ఉన్నప్పటినుంచీ సెలవుల్లో షాపులో కూర్చుని వాటిని వరసగా పేర్చేది. ఆ యాభై రెండో పేజీ ఎన్ని వేలసార్లు ఆమె చేతుల మీదుగా వెళ్లిందో లెక్కలేదు. గులాబి రంగు వస్తుంది, పోతుంది అని అందులో రాసి ఉండేది. నలుపూ తెలుపూ తప్ప ఇంకో రంగు ఎరగని మెషిన్ పక్కన కూర్చుని, ఆ గులాబి ఎలా ఉంటుందో చూడాలని ఆ పిల్ల ఏళ్ల తరబడి అనుకుంది. అందుకే, ల్యాబులో తన వంతు వచ్చినప్పుడు, ముందు వరసలో వాళ్లంతా అంకె రాసేసి కబుర్లలో పడితే, ఈమె ఒక్కతే కుప్పె మీదికి వంగి, చుక్కా చుక్కా వదిలింది.

రంగు వచ్చింది. ఆమె ఊహించినదానికన్నా బాగుంది. కానీ ఒక్క మిల్లీలీటరు పడిందో లేదో, ఇట్టే మాయమైపోయింది. కుప్పె కడిగి మళ్లీ చేసింది. ఒకటి. మూడోసారీ ఒకటే. రికార్డు పుస్తకంలో మూడు గడుల్లోనూ ఒకటి, ఒకటి, ఒకటి అని రాసి మాస్టారి ముందు పెట్టింది.

ఆయన సంతకం పెట్టబోయి ఆగాడు. సంతకం పెట్టేముందు ఆయన కళ్లు పేజీ మీద పడటమే ఒక వింత.

"ఏమిటిది? తొమ్మిది పాయింట్ ఎనిమిది కదా రావాల్సింది?"

"నాకు ఒకటే వచ్చింది సార్. మూడుసార్లు చేశాను."

"అందరికీ వచ్చింది నీకు రాలేదంటే లోపం ఎక్కడున్నట్టు?"

"మళ్లీ చేస్తాను సార్. మీరు దగ్గరుండి చూడండి."

"నేను చూసేదేముంది? నోట్సులో ఉందిగా!" అని ఆయన పుస్తకం వెనక్కి నెట్టాడు. "శుక్రవారం మార్కుల లిస్టు పంపాలి. ఆ లోపల మూడు గడులూ దిద్ది తీసుకురా, పంతొమ్మిది వేస్తాను. లేదంటే సున్నా. ప్రాక్టికల్స్ పోతే ఏడాది పోయినట్టే. ఆలోచించుకో."

క్లాసంతా నవ్వింది. కుళాయి ముట్టుకోనివాళ్లు ఇంకాస్త గట్టిగా నవ్వారు.

మధ్యాహ్నం ఆ పిల్ల షాపుకి వచ్చి సంగతంతా చెప్పింది. తల్లి కాగితాలకి స్పైరల్ వేస్తూ విన్నది. విని ఏమన్నదనుకున్నారు? న్యాయం నీ వైపుంది తల్లీ, నిలబడు, అన్నదా? అలాంటి తల్లులు ఉపన్యాసాల్లో ఉంటారు.

"దిద్దెయ్యవే. మూడంకెలు. దానికింత రాద్ధాంతమా?"

"నాకు రాని అంకె ఎలా రాస్తానమ్మా?"

"అందరూ ఎలా రాస్తున్నారో అలాగే. నువ్వేమైనా కొత్తగా కనిపెట్టొచ్చావా? ఆ నోట్సు మీద ఎన్ని వందలమంది గట్టెక్కారో నాకు తెలుసు. పదో తరగతితో చదువు ఆపేసిన దాన్ని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఏ పేజీలో ఏ బొమ్మ ఉంటుందో కళ్లు మూసుకుని చెప్పగలను. మీ నాన్న వారానికి ఆరు రోజులు బస్సు తోలుతుంటే, నేనిక్కడ నిలబడి నిలబడి కాళ్లు వాచిపోతుంటే, నువ్వు ఒక అంకె కోసం ఏడాది పాడుచేసుకుంటానంటావా?"

పిల్ల స్టూలు మీద కూర్చుని గోళ్లు కొరుక్కుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం తల్లి చూసింది, చూడనట్టు ఊరుకుంది.

సరిగ్గా అప్పుడే ల్యాబ్ అటెండరు ఒక కాగితం పట్టుకుని షాపులోకి వచ్చాడు. యాభై దాటిన మనిషి. చొక్కా జేబు కింద నాలుగైదు చిల్లులు, వేళ్ల చివర్లు పగిలి తెల్లగా పొక్కిపోయి ఉన్నాయి.

"చెల్లెమ్మా, ఇది రెండు కాపీలు తియ్యి. మెమో ఇచ్చారు నాకు."

"మెమో ఏంటన్నయ్యా?"

"కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు పాత రిజిస్టర్లు తిరగేశాడట. ఆరేళ్ల కిందటిదాకా ఏడాదికి ఒక సీసా యాసిడ్ పట్టేదట, నేను ల్యాబుకి వచ్చాక పది సీసాలు పడుతోందట. మిగతా తొమ్మిదీ బయట అమ్ముకుంటున్నానని అనుమానం. సోమవారంలోగా జవాబు రాయాలి." ఆయన కాగితం బల్ల మీద పెట్టాడు. "ఇరవై ఆరేళ్ల సర్వీసు. గేటు దగ్గర ఇరవై ఏళ్లు కాపలా కాశాను. ఒక్క పూచికపుల్ల ఇంటికి పట్టుకెళ్లలేదు."

స్టూలు మీది పిల్ల చటుక్కున తలెత్తింది.

"పది రెట్లా మామయ్యా? మీరు లీటరు నీళ్లకి ఎంత యాసిడ్ కలుపుతారు?"

"ఎనభై మూడు మిల్లీలీటర్లు. గోడ మీద రాసుందిగా. పాత అటెండరు రిటైరయ్యాక ఎంత కలపాలో మాస్టార్ని అడిగితే, నేనెక్కడ గుర్తుపెట్టుకుంటాను, షాపులో నోట్సు తెచ్చి ఆ పేజీ గోడకి అంటించుకో అన్నారు. మీ అమ్మ ఇచ్చిన పేజీయే."

పిల్ల కొత్తగా స్పైరల్ వేసిన నోట్సు తీసి యాభై ఒకటో పేజీ తెరిచింది. యాసిడ్ కలిపే కొలత అక్కడుంది. ఎనిమిది, మూడు. రెండింటి మధ్యా కొంచెం ఖాళీ. పేజీ తిప్పింది. ప్రయోగం పట్టికలో తొమ్మిది, ఎనిమిది. ఆ రెండింటి మధ్యా అంతే ఖాళీ.

"అమ్మా, అందరూ తొమ్మిది పాయింట్ ఎనిమిది అంటారు కదా. ఇందులో పాయింటేదీ?"

"బ్యూరెట్ మీద గీతలు యాభై దాకానే ఉంటాయి. తొంభై ఎనిమిదని ఎవడు రాస్తాడు? అందుకే పాయింటు పెట్టుకుంటార్లే," అన్నాడు అటెండరు.

"మరి అక్కడ పెట్టుకున్నవాళ్లు ఇక్కడెందుకు పెట్టుకోలేదు మామయ్యా?"

తల్లి చేతిలో స్పైరల్ ఆగిపోయింది. ఆమెకి ఏడేళ్ల కిందటి వేసవి గుర్తొచ్చింది. షాపులో అసలు ప్రతిగా వాడేది మాస్టారి రాతకి పాత మెషిన్ మీద తీసిన కాపీ, దాని ప్రతి పేజీ మీదా మెషిన్ మచ్చలు నల్లటి చుక్కలుగా ఉండేవి. మచ్చల కాపీలిస్తున్నావని పిల్లలు గోల చేశారు. పనిలో మాట పడటం ఆమెకి ఇష్టం ఉండదు. అందుకని సెలవుల్లో అసలు ప్రతిని ముందు పెట్టుకుని, అరవై నాలుగు పేజీల్లోనూ కనిపించిన చుక్కనల్లా వైట్‌నర్‌తో ఓపిగ్గా చెరిపేసింది. నాలుగు రోజులు పట్టింది. ఆ ఏడు కాపీలు మల్లెపువ్వుల్లా వచ్చాయి. ఇంత శుభ్రంగా ఎక్కడా దొరకవని పిల్లలు మెచ్చుకున్నారు. మాస్టారు కూడా ఒక కాపీ తెప్పించుకుని, భేష్, అని కబురు పంపాడు.

ఆమె అలమారా మీదినుంచి అసలు ప్రతి ఉన్న ప్లాస్టిక్ కవరు దించింది. యాభై ఒకటో పేజీని వెలుతురుకి పట్టుకుంది. ఎనిమిదికీ మూడుకీ మధ్య తెల్లటి పొర గట్టిపడి ఉంది. చూపుడువేలి గోటితో మెల్లగా గీకింది. తెల్లటి పొడి రాలింది. కింద నుంచి చిన్న నల్లటి చుక్క బయటపడింది.

ముగ్గురూ ఆ చుక్కకేసి చూశారు. ఎనిమిది పాయింట్ మూడు. లీటరుకి పొయ్యాల్సింది ఎనిమిది మిల్లీలీటర్ల చిల్లర. ఆరేళ్లుగా పోస్తున్నది ఎనభై మూడు. ద్రావణం పది రెట్లు ఘాటు. అందుకే సీసాలు పది. అందుకే అటెండరు చొక్కాకి చిల్లులు. అందుకే పిల్లకి వచ్చిన కొలత ఒకటి.

"అన్నయ్యా, నీ చేతులు కాల్చింది నేను," అంది ఆమె. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాసేపటికి కూతురి తల మీద చెయ్యి వేసి, "నువ్వు దిద్దొద్దు తల్లీ," అంది.

శుక్రవారం ఉదయం, షాపులో రద్దీగా ఉండే వేళ, షట్టరు దించేసి, కూతుర్ని వెంటబెట్టుకుని ఆమె ల్యాబుకి వెళ్లింది. పద్నాలుగేళ్లుగా ఎదురుగా ఉన్న ఆ గేటు దాటి లోపలికి వెళ్లడం అదే మొదలు. మాస్టారు బల్ల ముందు కూర్చుని లిస్టులో పంతొమ్మిదులు వేసుకుంటున్నాడు. వరసగా, కిందినుంచి పైకి, సున్నితంగా. ఆమె కాగితం ముందు పెట్టి జరిగింది చెప్పింది.

"చుక్క చెరిపింది నేనే సార్. తప్పు నాదే."

ఆ మాట వినగానే ఆయన ముఖం విప్పారింది. పద్నాలుగేళ్లలో అంత శ్రద్ధగా ఆయన ఏ మాటా విని ఉండడు.

"చూశావా! నేను రాసింది సరిగ్గానే రాశాను. చదువు రానివాళ్ల చేతిలో పెడితే ఇలాగే ఉంటుంది." తర్వాత తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "సరే, అయిందేదో అయింది. మీ అమ్మాయికి పంతొమ్మిది వేసేస్తాను. ఈ కాగితం ఇక్కడ వదిలేసి వెళ్లమ్మా. ఇది బయటికి వస్తే ఆరేళ్ల రికార్డులన్నీ ఉత్తవని ఒప్పుకున్నట్టవుతుంది. ఎంతమంది పిల్లల భవిష్యత్తు!"

పిల్లల భవిష్యత్తు! తన పరువు మీదికి వచ్చేదాకా ఆయనకి గుర్తురాని మాట అది.

ఇక్కడ నిజం చెప్పాలి. ఆ తల్లి తడబడింది. కూతురి ఏడాది గట్టెక్కుతుంది, షాపు సాగుతుంది, ఎవరితోనూ గొడవ ఉండదు. ఆమె చేతివేళ్లు కాగితం మీదినుంచి జారాయి. అప్పుడామెకి పక్క బల్ల దగ్గర సీసాలు కడుగుతున్న అటెండరు వేళ్లు కనిపించాయి.

"మరి అన్నయ్యకిచ్చిన మెమో సంగతేంటి సార్?"

"అది ఆఫీసు వ్యవహారం. నాకేం సంబంధం?"

ఆమె కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంది. "అయితే ఇది నా దగ్గరే ఉంటుంది సార్. ఆయన జవాబుకి ఇదే జతచేస్తాం. గోడ మీది పేజీ కూడా."

అటెండరు ఒక కొత్త సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. పొద్దున్నే లీటరుకి ఎనిమిది పాయింట్ మూడు చొప్పున కలిపి ఉంచాడు. పిల్ల బ్యూరెట్ నింపింది. కుప్పెలో గులాబి రంగు తెచ్చింది. "ఈసారైనా చూడండి సార్," అంది.

ఆయనకి చూడక తప్పలేదు. కళ్లజోడు కోసం జేబులన్నీ తడుముకున్నాడు. అయిదు మిల్లీలీటర్లు పడినా రంగు పోలేదు. ఎనిమిది, తొమ్మిది. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి చుక్క తర్వాత చుక్క వదిలింది. రంగు పలచబడి, కుప్పె ఊపగానే పోయింది. కొలత గీతలు చూసింది. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ తొమ్మిది పాయింట్ తొమ్మిది.

"దగ్గరికొచ్చింది కదా," అన్నాడాయన చెమట తుడుచుకుంటూ. "తొమ్మిది పాయింట్ ఎనిమిది రాసెయ్, పీడా పోతుంది."

ఇదండీ ఆయన నేర్చుకున్న గుణపాఠం. కళ్లెదుట మూడుసార్లు జరిగినదానికన్నా పద్నాలుగేళ్ల కిందట తను రాసిన అంకె మీదే ఆయనకి నమ్మకం.

పిల్ల పెన్ను తీసి తొమ్మిది పాయింట్ తొమ్మిది అని మూడు గడుల్లోనూ రాసింది. ఆయన తల్లి చేతిలో ఉన్న పాత పేజీ వైపు ఒకసారి, అటెండరు వైపు ఒకసారి చూసి, సంతకం పెట్టాడు. పిల్లకి ఇరవైకి పదకొండు వేశాడు. కుళాయి ముట్టుకోనివాళ్లందరికీ పంతొమ్మిది.

ఆ పేజీలు జతచేసిన జవాబు అందాక అటెండరు మెమో ఫైలు మూసేశారు. పొరపాటు పడ్డామని గాని, నీ చేతులెలా ఉన్నాయని గాని ఎవరూ అనలేదు. గేటు మీది బోర్డులో తొంభై ఎనిమిది అలాగే ఉంది.

షాపు ఆవిడ వారం రోజులు కష్టపడి, కూతురు చెబుతుంటే, అరవై నాలుగు పేజీల్లోనూ తెల్ల పొరలన్నీ గీకింది. నూట నలభై ఏడు చుక్కలు బయటపడ్డాయి. వాటిలో మెషిన్ మచ్చలేవో, మాస్టారు పెట్టిన పాయింట్లేవో తేల్చాలంటే పాఠ్యపుస్తకం కావాలి. కూతురు లైబ్రేరియన్ వెంటపడి మూడు రోజులు వెతికిస్తే బీరువా తాళంచెవి ఆ బీరువా మీదే దొరికింది. పుస్తకం ముందు పెట్టుకుని తల్లీకూతుళ్లు ఒక్కొక్క చుక్కా సరిచూశారు. సరిచూసిన నోట్సు అమ్మకానికి పెట్టి, పాతవి తెస్తే ఊరికే మార్చి ఇస్తానని ఆమె షాపు ముందు కాగితం అంటించింది.

మార్చుకోవడానికి వచ్చినవాళ్లు నలుగురు. మిగిలినవాళ్లు సందు చివర ఇంకో షాపుకి వెళ్లారు. అక్కడ ఈమె పాత కాపీకి కాపీ దొరుకుతుంది. సీనియర్లు చదివి పాసైంది అదేనట, దాన్నే నమ్మాలట. ఒకడు ఈమె ముందే నిలబడి, "చుక్కలుంటే బట్టీ పట్టడం కష్టం అక్కా," అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. గోటి సందులో ఇంకా మిగిలిన తెల్లటి పొడి చూపించి, "నాకు చదువు రాదు నాయనా, అందుకని చెరిపాను. ఆరేళ్లు మీరంతా చదువుకుంటూ కూడా చూడలేదే! మరి మీకూ నాకూ తేడా ఏంటి?" అని అడిగింది.

అయ్యా, అమ్మా, మీ ఇళ్లలోనూ స్పైరల్ వేసిన ఇలాంటి పేజీలు ఉండే ఉంటాయి, వాటిమీద వచ్చిన మార్కులు చూసి మీరూ మురిసిపోతూనే ఉంటారు. ఆ షాపు ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పుకున్నాక మురిసిపోండి. తన కుప్పెలో రంగు ఎప్పుడు పోయిందో తన కళ్లతో చూసి రాసేదే చదువు, మిగతాదంతా జిరాక్సు.